ఇంటికి తగిన చలువ

రోహిణీ కార్తెలో రోళ్లు సైతం పగులుతాయని తెలుగువారి నానుడి. కాలం మారినా ఆ మాటలోని సత్యం మారలేదు. మే నెల వచ్చేసరికి రెంటచింతల, రామగుండం, కొత్తగూడెం వంటి చోట్ల ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్‌ను తాకడం, కొన్ని సంవత్సరాలలో దానిని దాటడం కద్దు. ఒకప్పుడు ఈ తాపం నుంచి ఉపశమనం పొందడానికి తాటాకు విసనకర్ర, తడిపిన వట్టివేళ్ల తడిక, మట్టికుండలోని నీరు, వేపచెట్టు నీడ సాధనాలుగా ఉండేవి. తరువాత విద్యుత్ పంకా వచ్చింది. ఆపైన నీటి కూలర్ వచ్చింది. ఒక తరం క్రితం పెద్ద హోటళ్లలోను, సినిమా హాళ్లలోను మాత్రమే కనిపించిన ఎయిర్ కండిషనర్ నేడు ‘ఏసీ’ అన్న రెండక్షరాల పేరుతో మధ్యతరగతి ఇంటి పడకగదిలో ప్రవేశించింది.

ఏసీ కొనడానికి దుకాణానికి వెళ్లినవారు సాధారణంగా మూడు ప్రశ్నలు వేస్తారు. ఎన్ని టన్నులది? ఎన్ని నక్షత్రాలు ఉన్నాయి? ధర ఎంత? ఈ మూడూ అవసరమైన ప్రశ్నలే. అయితే వీటన్నిటి కంటే ముందు వేసుకోవలసిన ప్రశ్న ఒకటి ఉంది. ఆ యంత్రాన్ని ఏ ఇంట్లో పెట్టబోతున్నారు? ఆ ఇంటి పైకప్పు దేనితో వేసింది, గోడలు ఎంత మందం, కిటికీలు ఏ దిక్కుకు ఉన్నాయి అన్న విషయాలను దుకాణదారు అడగడు, కొనేవారు చెప్పరు. ఒకే యంత్రం ఒక ఇంట్లో హాయిని ఇచ్చి, మరొక ఇంట్లో కరెంటు బిల్లును మాత్రమే మిగల్చడానికి కారణం ఇక్కడే ఉంది. చల్లదనం యంత్రం ఒక్కదాని గుణం కాదు. అది యంత్రమూ ఇల్లూ కలిసి ఇచ్చే ఫలం.

ఈ యంత్రం పుట్టుక కథ కొంత విచిత్రమైనది. మనుషులకు చల్లదనం కలిగించడానికి కాక, కాగితానికి కలిగిన కష్టాన్ని తీర్చడానికి ఇది పుట్టింది. 1902లో అమెరికాలోని న్యూయార్క్ నగరానికి చెందిన బ్రూక్లిన్ ప్రాంతంలో ఒక ముద్రణాలయం ఉండేది. వేసవిలో గాలిలోని తేమకు కాగితం ఉబ్బడం, తేమ తగ్గగానే ముడుచుకోవడం వల్ల ఒక రంగు మీద మరొక రంగు సరిగ్గా పడేది కాదు. ఆ చిక్కును తొలగించే పని విల్లిస్ క్యారియర్ అనే యువ ఇంజనీరుకు అప్పగించారు. చల్లని గొట్టాల మీదుగా గాలిని పంపితే అందులోని తేమ నీటిబొట్లుగా మారి వేరుపడుతుందని ఆయన గ్రహించి, తగిన యంత్రాన్ని రూపొందించాడు. ఏసీ కేవలం వేడిని తగ్గించే యంత్రం కాదని, తేమను కూడా తీసివేసే యంత్రమని ఈ చరిత్ర గుర్తు చేస్తున్నది.

ఏసీ చల్లదనాన్ని సృష్టిస్తుందని చాలామంది భావిస్తారు. నిజానికి అది చేసేది మోత పని. గది లోపలి వేడిని తీసుకొనిపోయి బయట దించి వస్తుంది. దాని గొట్టాలలో శీతలీకరణ ద్రవం ప్రవహిస్తుంది. లోపలి భాగంలో ఆ ద్రవం గదిలోని వేడిని పీల్చుకొని వాయువుగా మారుతుంది. కంప్రెసర్ ఆ వాయువును ఒత్తిడికి గురిచేసి బయటి భాగానికి పంపుతుంది. అక్కడ అది తన వేడిని వీధిలోని గాలికి వదిలి తిరిగి ద్రవంగా మారుతుంది. ఈ చక్రం నిరంతరం సాగుతూ ఉంటుంది. యంత్రం సామర్థ్యాన్ని టన్నులలో చెప్పడానికి కూడా ఒక కారణం ఉంది. పూర్వం మంచుగడ్డలతో చల్లబరచే రోజుల్లో ఒక టన్ను మంచు, అంటే అమెరికా లెక్కన సుమారు 907 కిలోలు, 24 గంటలలో కరగడానికి ఎంత వేడి కావాలో దానినే కొలమానంగా పెట్టుకున్నారు. అది నేటి లెక్కలో దాదాపు 3.5 కిలోవాట్లకు సమానం. ఒక టన్ను ఏసీ అంటే గది నుంచి ఆ మేరకు వేడిని మోసుకుపోగల యంత్రమని అర్థం. దాని బరువు టన్ను అని కాదు.

యంత్రం వేడిని బయటికి మోస్తున్నంతసేపూ బయటి వేడి ఇంటిలోకి ప్రవేశిస్తూనే ఉంటుంది. ప్రవేశించే వేడి కంటే మోసుకుపోయే వేడి ఎక్కువైనప్పుడే గది చల్లబడుతుంది. లేకుంటే అది చిల్లుకుండలో నీరు నింపడం వంటిది. అందువల్ల ఇంటిలోకి వేడి వచ్చే మార్గాలను ముందు తెలుసుకోవాలి. వాటిలో మొదటిది పైకప్పు. తెలుగు ప్రాంతాలు ఉన్న అక్షాంశాలలో మే నెల మధ్యాహ్నం సూర్యుడు ఇంచుమించు నడినెత్తిన ఉంటాడు. ఆ సమయంలో గోడల కంటే పైకప్పు మీదనే ఎండ తీవ్రంగా పడుతుంది. రెండవది తూర్పు, పడమర గోడలు. ఉదయం, సాయంత్రం ఏటవాలుగా వచ్చే ఎండను ఇవి భరిస్తాయి. పడమటి గోడకు సోకే ఎండ, గాలి అప్పటికే వేడెక్కి ఉన్న వేళ వస్తుంది కనుక మరింత బాధాకరం. మూడవది కిటికీల అద్దాలు, తలుపుల సందులు. నాల్గవది ఇంటి లోపలి పొయ్యి, దీపాలు, మనుషుల శరీరాలు. తెలుగునాట ఉన్న గృహాలు ఈ నాలుగు మార్గాలను నాలుగు రీతులుగా ఎదుర్కొంటాయి.

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలలోని చుట్టిల్లును మొదట చెప్పుకోవచ్చు. గుండ్రని మట్టిగోడ మీద దట్టంగా గడ్డి కప్పి, చూరును బాగా కిందికి దించి కట్టే ఇల్లు ఇది. గడ్డి పోచల మధ్య చిక్కుకొన్న గాలి వేడిని లోపలికి రానివ్వదు. కిందికి వాలిన చూరు గోడమీద ఎండ పడనివ్వదు. గుండ్రని ఆకారం తుఫాను గాలికి తట్టుకుంటుంది. ఇటువంటి ఇంటిలో మే నెల మధ్యాహ్నం కూడా నీడ చల్లగానే ఉంటుంది. దీనికి ఏసీ తగదు. చూరు కింద సందుల నుంచి గాలి ఆడుతూ ఉండటమే దీని బలం. ఆ సందుల గుండా చల్లబరచిన గాలి నిలువక జారిపోతుంది. పైగా ఎక్కువ విద్యుత్తును లాగే యంత్రానికి తీగలు సరిగా లేకపోతే, గడ్డి కప్పు ఉన్న చోట నిప్పు భయం కూడా ఉంటుంది.

గోదావరి జిల్లాల మండువా లోగిలి, తెలంగాణలోని భవంతి ఇల్లు మరొక పద్ధతికి చెందినవి. నడుమ ఆకాశానికి తెరిచి ఉండే ఖాళీ స్థలం, దాని చుట్టూ వసారాలు, ఆ వసారాల వెనుక గదులు ఉంటాయి. వేడెక్కిన గాలి తేలికై మండువా గుండా పైకి పోతుంది. గదులలోకి వీధివైపు నుంచి, పెరటివైపు నుంచి కొత్త గాలి వస్తుంది. ఈ ఇంటికి ఏసీ అవసరమా అన్న ప్రశ్నకు సమాధానం ఇంటి మొత్తానికి ఒకటి, గదికి ఒకటి. ఇల్లంతటినీ యంత్రంతో చల్లబరచాలనుకోవడం ఆకాశాన్ని చల్లబరచాలనుకోవడమే. కాని అందులోని ఒక గదికి మందమైన గోడలు, గట్టి తలుపులు, పెంకు కప్పుకు దిగువన చెక్కల అటక ఉంటే, వృద్ధులకో రోగులకో ఆ ఒక్క గదిని చల్లబరచుకోవచ్చు. అటకకూ పెంకులకూ మధ్య ఉండే గాలి వేడికి అడ్డుగా నిలుస్తుంది.

అటక లేని పెంకుటింటి పరిస్థితి వేరు. గూన పెంకులైనా, బంగళా పెంకులైనా వాటి మధ్య సన్నని సందులు వేలకొలది ఉంటాయి. పైకి లేచిన వేడి గాలి ఆ సందుల గుండా బయటికి పోవడం పెంకుటింటికి సహజమైన సౌకర్యం. అయితే ఏసీ పెట్టిన మరుక్షణం ఆ సౌకర్యమే లోపంగా మారుతుంది. యంత్రం ఎంత శ్రమించినా చల్లదనం నిలువదు. వెదురు చాపతోనో, పలుచని పలకలతోనో లోపల ఒక తప్పు కప్పు వేసి సందులు మూసిన తరువాతనే పెంకుటింటి గది ఏసీకి యోగ్యమవుతుంది. ఆ కప్పు వేసిన తరువాత చాలామందికి పంకాతోనే సరిపోతుందన్నది కూడా గమనించదగినది.

రాయలసీమలోను, తెలంగాణలోను కనిపించే మట్టి మిద్దె పొడి వేడికి పుట్టిన ఇల్లు. అడుగున్నర, రెండడుగుల మందం గల రాతి గోడలు, దూలాల మీద దంతెలు పరచి, ఆపైన మందంగా చౌడు మట్టి వేసిన కప్పు, వెలుతురు కోసం ఒక గవాక్షం దీని లక్షణాలు. ఇంత మందం గల మట్టిని, రాతిని దాటి పగటి వేడి లోపలికి చేరడానికి చాలా గంటలు పడుతుంది. లోపలి ముఖం వేడెక్కేసరికి రాత్రి అవుతుంది. అప్పటికి ఇంటివారు మిద్దె మీదనో, వాకిట్లోనో మంచాలు వేసుకొని పడుకుంటారు. పగలు ఇల్లు, రాత్రి ఆరుబయలు అన్న ఈ ఏర్పాటు వల్లనే ఆ ఇల్లు సుఖప్రదంగా ఉండేది. నేడు దోమల బాధ, దొంగల భయం, స్థలాభావం వల్ల ఆరుబయట నిద్ర అరుదైపోయింది. ఇల్లు మారకపోయినా దానిని వాడే తీరు మారింది. మిద్దె గదికి గోడల మందం వల్ల ఏసీ చక్కగా నప్పుతుంది. ఒకసారి చల్లబడిన రాయి ఆ చల్లదనాన్ని చాలాసేపు నిలుపుకొంటుంది. అయితే ఆ రాతిగోడలను తొలుత చల్లబరచడానికి యంత్రం ఎక్కువసేపు పనిచేయవలసి వస్తుంది. అరగంట వాడి ఆపివేసేవారికి దానివల్ల ప్రయోజనం తక్కువ.

కాంక్రీటు డాబా నేటి తెలుగువారి ప్రధాన గృహం. నాలుగైదు అంగుళాల మందం గల కాంక్రీటు కప్పు గట్టిదే కాని వేడికి అడ్డుగోడ కాదు. పగలంతా ఎండను తనలో దాచుకొని, సాయంత్రం నుంచి ఆ వేడిని లోపలికి వదలడం మొదలుపెడుతుంది. రాత్రి ఎనిమిది గంటలకు బయట గాలి చల్లబడినా డాబా గదిలో పైనుంచి సెగ కొడుతున్నట్లు ఉండటానికి కారణం ఇదే. అప్పుడు పంకా వేస్తే కప్పు కింద పేరుకొన్న వేడి గాలే మీదికి వస్తుంది. ఈ గదిలో ఏసీ పెట్టినవారికి హాయి కలగడం నిజం. కాని ఆ యంత్రం నెత్తిమీద ఉన్న కాంక్రీటు పలకతో రాత్రంతా పోరాడుతూ ఉంటుంది. అందుకే ఒకే ఊరిలో, ఒకే కొలత గల రెండు గదులలో, ఒకదానికి ఒక టన్ను చాలితే మరొకదానికి ఒకటిన్నర టన్ను కూడా చాలదనిపిస్తుంది.

నగరాలలోని అపార్ట్‌మెంట్లలో ఈ తేడా మరింత స్పష్టంగా కనిపిస్తుంది. అయిదు అంతస్తుల భవనంలో మూడవ అంతస్తులో ఉన్నవారికి పైన ఒక ఇల్లు, కింద ఒక ఇల్లు ఉంటాయి. వారి పైకప్పు మీద ఎండ పడదు. పక్క గోడ కూడా పొరుగువారిదైతే ఎండ సోకేది ఒక్క వైపు నుంచే. ఏసీకి అన్నిటికంటే అనుకూలమైన నివాసం ఇదే. అదే భవనంలో పై అంతస్తున పడమటి మూల ఉన్న ఇల్లు నడినెత్తి ఎండను, సాయంకాలపు ఎండను రెండింటినీ భరిస్తుంది. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు గల గదికి సాధారణంగా ఒక టన్ను యంత్రం సరిపోతుందన్న లెక్క మూడవ అంతస్తుకు వర్తించినంతగా పై అంతస్తుకు వర్తించదు. అపార్ట్‌మెంట్లలో మరొక చిక్కు కూడా ఉంది. యంత్రం బయటి భాగాలను గాలి ఆడని ఇరుకు సందులలో ఒకదానిపై ఒకటి బిగిస్తారు. ఒకరి యంత్రం వదిలిన వేడి గాలిని మరొకరి యంత్రం పీల్చుకొంటుంది. అప్పుడు అన్ని యంత్రాలూ ఎక్కువ విద్యుత్తును లాగి తక్కువ చల్లదనాన్ని ఇస్తాయి.

ఈ గృహాలన్నిటిలోను అత్యంత దుర్భరమైనది రేకుల ఇల్లు. పట్టణాల శివార్లలో, పారిశ్రామిక వాడలలో, గ్రామాలలో పూరిల్లు తీసివేసిన చోట సిమెంటు రేకులతోనో, ఇనుప రేకులతోనో కప్పిన ఇళ్లు అసంఖ్యాకం. వాననుంచి, నిప్పునుంచి రక్షణ లభించిందని గడ్డికప్పు స్థానంలో రేకులు వేసుకొన్నవారు వేసవికి బందీలయ్యారు. రేకు పలుచనిది. ఎండ తగిలిన కొద్ది నిమిషాలలోనే కాగి, కింద ఉన్నవారి మీదికి నేరుగా వేడిని ప్రసరింపజేస్తుంది. వేసవి మధ్యాహ్నం ఒక చదరపు మీటరు మీద సుమారు 1000 వాట్ల సూర్యశక్తి పడుతుంది. పది అడుగులకు పన్నెండు అడుగుల గది కప్పు వైశాల్యం దాదాపు 11 చదరపు మీటర్లు. అంటే దాని మీద పడే శక్తి సుమారు 11 కిలోవాట్లు. అదంతా లోపలికి రాదు. కొంత ఆకాశంలోకి తిరిగి పోతుంది, కొంత గాలిలో కలుస్తుంది. అయినా ఒక టన్ను యంత్రం మోయగలిగింది 3.5 కిలోవాట్లు మాత్రమేనని గుర్తుంచుకొంటే, రేకుల కింద ఏసీ పెట్టడం ఎంత నిష్ఫలమో అర్థమవుతుంది. గోడకూ రేకుకూ నడుమ ఉండే ఖాళీల సంగతి చెప్పనక్కరలేదు.

ఇక్కడ ఒక విషాదం దాగి ఉంది. చల్లదనం ఎవరికి అత్యవసరమో వారి ఇల్లే దానికి అత్యంత ప్రతికూలంగా ఉన్నది. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో వెయ్యిమందికి పైగా మరణించారు. వారిలో ఎండలో పనిచేసే కూలీలు, వృద్ధులు, నిరుపేదలు అధికం. పగలంతా ఎండలో శ్రమించిన శరీరం రాత్రి చల్లబడి కోలుకోవాలి. రాత్రి కూడా సెగలో పడుకొన్న శరీరానికి ఆ అవకాశం దొరకదు. మరునాటి ఎండను తట్టుకొనే శక్తి సన్నగిల్లుతుంది. కనుక ఇంటి చల్లదనం విలాసానికి సంబంధించిన విషయం కాదు, ప్రాణరక్షణకు సంబంధించిన విషయం. ఆ రక్షణను యంత్రం మాత్రమే ఇవ్వగలదనుకొంటే, యంత్రం కొనలేనివారిని, కొన్నా నిలుపుకోలేనివారిని ఎండకు వదిలివేసినట్లే అవుతుంది.

అదృష్టవశాత్తు రేకుల ఇంటికి కూడా ఉపాయాలున్నాయి. రేకుల మీద సున్నంగాని, ఎండను తిప్పికొట్టే తెల్లని రంగుగాని పూస్తే, పడిన ఎండలో అధిక భాగం ఆకాశంలోకి తిరిగి పోతుంది. ఇట్టి పూత వల్ల ఇంటి లోపలి ఉష్ణోగ్రత రెండు నుంచి అయిదు డిగ్రీల వరకు తగ్గే అవకాశం ఉంది. రేకుల కింద వెదురు తడికతో లోపలి కప్పు వేసి, రెంటి నడుమ గాలి ఆడేటట్లు చేస్తే సెగ నేరుగా తగలదు. గ్రామాలలో రేకుల మీదికి ఆనప, బీర, చిక్కుడు పాదులను పాకించడం పాత అలవాటు. ఆ ఆకుల నీడ కూరగాయలతో పాటు చల్లదనాన్ని కూడా ఇస్తుంది. కాంక్రీటు డాబాలకు కూడా తెల్లని పూత, తెల్లని పెంకుల పరుపు, పైన పందిరి ఇదే మేలు చేస్తాయి. కొత్తగా కట్టేవారు కాంక్రీటు కప్పు లోపల మధ్య మధ్య బంగళా పెంకులను పొదగవచ్చు. కేరళలో స్థిరపడిన వాస్తుశిల్పి లారీ బేకర్ (1917–2007) ఇటువంటి కప్పులతోను, నడుమ గాలి ఉండేలా ఇటుకలను నిలువునా పేర్చిన గోడలతోను తక్కువ ఖర్చులో చల్లని ఇళ్లు కట్టి చూపాడు.

ప్రభుత్వాలు కూడా ఈ దిశగా అడుగులు వేశాయి. నివాస గృహాలు వేడిని తక్కువగా గ్రహించేలా ఉండాలని 2018లో కేంద్ర ప్రభుత్వం ‘ఎకో నివాస్ సంహిత’ పేరుతో నిర్మాణ ప్రమాణాలను వెలువరించింది. 2019లో దేశానికంతటికీ ఒక శీతలీకరణ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించింది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించి, ప్రభుత్వ, వాణిజ్య భవనాలతో పాటు పెద్ద స్థలాలలో కట్టే నివాసాలకు కూడా దానిని వర్తింపజేసింది. ఈ మూడింటి సారాంశం ఒకటే. యంత్రానికి పని పెరగకముందే ఇంటి వేడిని తగ్గించాలి.

ఇంటి రకంతో పాటు ప్రాంతపు గాలి స్వభావాన్ని కూడా గమనించాలి. అనంతపురం, కర్నూలు, ఆదిలాబాద్ వంటి చోట్ల వేసవి గాలి పొడిగా ఉంటుంది. పొడి గాలిలో నీరు త్వరగా ఆవిరై, ఆవిరయ్యేటప్పుడు వేడిని పీల్చుకొంటుంది. కనుక అక్కడ నీటి కూలర్ తక్కువ విద్యుత్తుతో మంచి ఫలితాన్ని ఇస్తుంది. కిటికీ తెరిచి ఉంచితేనే కూలర్ పనిచేస్తుంది కాబట్టి మండువా ఇంటికి, పెంకుటింటికి, మిద్దెకు అది నప్పుతుంది. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్రతీర పట్టణాలలో గాలి అప్పటికే తేమతో నిండి ఉంటుంది. అక్కడ కూలర్ మరింత తేమను చేర్చి ఉక్కను పెంచుతుంది. చెమట ఆరక శరీరం అలసిపోతుంది. తేమను తీసివేసే ఏసీ నిజంగా ఉపయోగపడేది ఇటువంటి చోటనే. తీర పట్టణంలో ఏసీ గొట్టం నుంచి రాత్రంతా కారే నీరు అది చేసిన సగం పనికి సాక్ష్యం.

ఏసీ తప్పనిసరి అయిన ఇంట్లో దానిని వాడే తీరు కూడా ముఖ్యమే. దేశంలో తయారయ్యే గది ఏసీలన్నీ 24 డిగ్రీల వద్దనే మొదలుకావాలన్న నియమం 2020 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. ఒక్కొక్క డిగ్రీ పెంచినకొద్దీ సుమారు ఆరు శాతం విద్యుత్తు ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య సంస్థ చెబుతున్నది. 26 డిగ్రీల వద్ద ఉంచి, నెమ్మదిగా పంకా వేసుకొంటే 22 డిగ్రీలలో దుప్పటి కప్పుకొని వణకవలసిన పని ఉండదు. ఒకటిన్నర టన్ను యంత్రం పూర్తి వేగంతో గంటసేపు పనిచేస్తే సుమారు ఒకటిన్నర యూనిట్ల విద్యుత్తు ఖర్చవుతుంది. సాధారణ పంకా అదే గంటకు ఖర్చు చేసేది అందులో ఇరవయ్యవ వంతు మాత్రమే. తలుపులు మూసిన గదిలో ఏసీ ఉన్న గాలినే తిప్పుతూ ఉంటుంది కాని కొత్త గాలిని తీసుకురాదు. నలుగురైదుగురు పడుకొన్న చిన్న గదిలో తెల్లవారేసరికి తల బరువెక్కడానికి ఇదొక కారణం. అందుచేత ఉదయం, సాయంత్రం కొంతసేపు కిటికీలు తెరవాలి. పాత ఇళ్లలో ఏసీ బిగించే ముందు విద్యుత్ తీగల మందాన్ని, ఎర్తింగును అనుభవజ్ఞుడైన పనివాని చేత పరీక్ష చేయించడం తప్పనిసరి.

చివరగా ఇంటి గోడ అవతలి సంగతి. లోపలి వేడిని బయట దించడమే ఏసీ చేసే పని అని ముందే చెప్పుకొన్నాం. ఒకటిన్నర టన్ను యంత్రం గది నుంచి సుమారు అయిదుంపావు కిలోవాట్ల వేడిని తోడుతుంది. దానికి తాను వాడుకొన్న విద్యుత్తు వేడి కూడా తోడై, దాదాపు ఆరున్నర నుంచి ఏడు కిలోవాట్ల వేడి వీధిలోకి పోతుంది. ఇరుకు వీధిలో ఒక వరుసగా పది యంత్రాలు పనిచేస్తే, ఆ వీధిలో రేకుల ఇంట్లో ఉన్నవారికి, తోపుడుబండి నడిపేవారికి ఆ వేడి అదనపు భారమవుతుంది. ఆ యంత్రాలకు కావలసిన విద్యుత్తులో అధిక భాగం నేటికీ బొగ్గు నుంచే వస్తున్నది. బొగ్గు పొగ భూమిని మరింత వేడెక్కిస్తుంది. అవసరానికి మించి వాడిన ప్రతి చల్లదనమూ మరొకచోట వేడిగా తేలుతుంది.

కనుక ఏసీ మంచిదా, చెడ్డదా అన్న చర్చకు అర్థం లేదు. సముద్రతీరపు అపార్ట్‌మెంటులో నడి అంతస్తు గదికి అది తగిన సాధనం. మిద్దెలోని ఒక గదికి, రోగి పడుకొన్న పాత లోగిలి గదికి అది ఉపకారి. పూరింటికి అది అనవసరం. పెంకుటింటికి, ఎండ సోకే డాబాకు కప్పును సరిచేసుకొన్న తరువాతనే అది సమంజసం. రేకుల ఇంటికి కావలసింది ఏసీ కాదు, మంచి కప్పు. పూర్వులకు యంత్రాలు లేకపోయినా ఎండ ఎక్కడినుంచి వస్తుందో, గాలి ఎటు పోతుందో తెలుసుకొని ఇల్లు కట్టుకొన్నారు. నేటివారికి యంత్రం ఉంది. ఆ తెలివి కూడా తోడైతే యంత్రానికి పని తగ్గుతుంది, ఇంటివారికి ఖర్చు తగ్గుతుంది, వీధిలోని వారికి వేడి తగ్గుతుంది. ముందు కప్పు చల్లబడాలి, తరువాత గోడ చల్లబడాలి. ఆ రెండూ చేయగలిగింది చేసిన తరువాత మిగిలిన వేడి కోసమే యంత్రాన్ని ఆశ్రయించడం వివేకం.